విజిబ్లీ: కంటికి ఆనే ఒక ఇంగ్లీషు క్రియావిశేషణం

విజిబ్లీ ఇంగ్లీషు భాషలో చూపుకు సంబంధించిన క్రియావిశేషణం. ‘కంటికి కనిపించేలా’ అన్నది దీని మొదటి అర్థం. ‘చూడగానే తెలిసిపోయేంతగా’ అన్నది దానిలోంచి పుట్టిన రెండో అర్థం. తోకచుక్క రాత్రికి రాత్రి విజిబ్లీ జరిగిందంటే మొదటిది, జ్వరం నుంచి లేచిన మనిషి విజిబ్లీ చిక్కిపోయాడంటే రెండోది. ఇప్పటి ఇంగ్లీషులో రెండో వాడుకే ఎక్కువ. పత్రికా భాషలో దీనికి మరో పని కూడా ఉంది. కోపం, దుఃఖం, భయం, అలసట లాంటి లోపలి సంగతులను పైకి కనిపించిన గుర్తులతో ముడివేసేది ఈ మాటే. విజిబ్లీ షేకెన్, విజిబ్లీ మూవ్డ్, విజిబ్లీ అప్‌సెట్ లాంటి జంటలు ఇంగ్లీషు వార్తల్లో తరచుగా కనబడతాయి.

పుట్టుక

లాటిన్‌లో ‘విదేరే’ అంటే చూడటం. చూడబడినది అనే అర్థంలో దాని రూపం ‘వీసుస్’. దాని నుంచి చూడదగినది అనే అర్థంలో ‘వీసిబిలిస్’ ఏర్పడింది. అది పాత ఫ్రెంచి గుండా 14వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చి విజిబుల్ అయింది, ఆ శతాబ్దం గడిచేలోగా క్రియావిశేషణ రూపమూ వాడుకలో పడింది. కనిపించే సృష్టి, కనిపించని సృష్టి అనే జంట క్రైస్తవ మతశాస్త్రంలో 4వ శతాబ్దపు నైసీన్ విశ్వాస ప్రమాణం నాటికే స్థిరపడి ఉంది కాబట్టి, మధ్యయుగపు ఇంగ్లీషులో ఈ మాటకు మొదట పని పడింది సంతలో కంటే చర్చిలోనే.

లాటిన్ ‘విదేరే’కు మూలమైన ఇండో యూరోపియన్ ధాతువే సంస్కృతంలో ‘విద్’. అక్కడ దాని ప్రధానార్థం తెలుసుకోవడం. వేదం, విద్య, విద్వాంసుడు ఆ కొమ్మకు కాసినవి. గ్రీకులో అదే ధాతువు ‘ఐడియా’ను ఇచ్చింది. ఆ భాషలో ఆ మాటకు మొదటి అర్థం కంటికి కనిపించే రూపమనే. ఇంగ్లీషు విట్, వైజ్ కూడా ఈ కుటుంబానివే. చూసినవాడికి తెలుస్తుంది అన్న భావన ఈ కుటుంబమంతటా పరుచుకుని ఉంది. వీడియో అనే మాటకు లాటిన్‌లో ‘చూస్తున్నాను’ అని అర్థం కాబట్టి, తెలుగువాడి నోట పలికే విద్య, వీడియో రెండూ దూరపు చుట్టాలేనన్నమాట.

తెలుగు చూపు మాటలు ఈ వంశానికి చెందినవి కావు. కన్ను, కను, కానవచ్చు, కనబడు అన్నీ ద్రావిడ మూలాలు. దక్షిణాది భాషల్లో కంటి పేరూ చూడటమనే క్రియా ఒకే మూలం చుట్టూ తిరుగుతాయి. తెలుసుకోవడంతో కలిసే దారి మాత్రం ఇక్కడా ఉంది. పాత తెలుగులో ‘కనుగొను’ అంటే చూడటమూ, తెలుసుకోవడమూ రెండూ. ఇప్పటి వాడుకలో రెండోదే మిగిలింది.

క్రియావిశేషణాన్ని తయారుచేసే ‘లీ’ ప్రత్యయం కథ వేరు. అది పాత ఇంగ్లీషులో శరీరం, ఆకారం అనే అర్థమున్న ‘లిక్’ అనే నామవాచకం నుంచి వచ్చింది. ‘ఆ ఆకారంలో’ అన్నది కాలక్రమంలో ‘ఆ విధంగా’ అయింది. తెలుగులో అదే పని చేసే ‘గా’ ఒక క్రియ నుంచి వచ్చింది: అగు ధాతువు రూపం ‘కా’ సరళమై ‘గా’ అయింది. స్పష్టంగా అంటే ‘స్పష్టము కాగా’. ఇంగ్లీషువాడు ఒంటిని పట్టుకుని, తెలుగువాడు కావడాన్ని పట్టుకుని, ఇద్దరూ ఒకే చోటికి చేరారు.

విజిబుల్‌కు లీ చేరినప్పుడు రెండు లకారాలు ఒకటై విజిబ్లీ మిగిలింది. విజువల్‌కు చేరినప్పుడు రాతలో రెండూ నిలిచి విజువల్లీ అయింది. విజిబ్లీలో ఊనిక మొదటి అక్షరం మీద పడుతుంది. జ దగ్గర పలికేది చల్లలోని చకారానికి జతైన దంత్య జకారానికి దగ్గరి ధ్వని, జింకలోని తాలవ్య జకారం కాదు.

వాక్యంలో చోటు

విజిబ్లీ ఎక్కువగా విశేషణాలకూ, విశేషణాలుగా పనిచేసే క్రియారూపాలకూ ముందు వస్తుంది. విజిబ్లీ టైర్డ్, విజిబ్లీ ప్రెగ్నెంట్, విజిబ్లీ డ్యామేజ్‌డ్ ఇలాంటివే. క్రియకు ముందో వెనకో కూడా వస్తుంది: చేతులు విజిబ్లీ వణికాయి అనవచ్చు, వణికాయి విజిబ్లీ అనీ అనవచ్చు. వాక్యం మొదట్లో కామాతో విడిగా నిలబెట్టి మొత్తం వాక్యం మీద వ్యాఖ్యానంగా వాడటం మాత్రం దీనికి అలవాటు కాదు. అపారెంట్లీ, ఎవిడెంట్లీ, ఆబ్వియస్లీ ఆ పని రోజూ చేస్తాయి. ‘అపారెంట్లీ, అతను వెళ్లిపోయాడు’ సహజంగా ఉంటుంది, అదే చోట విజిబ్లీని పెడితే ఇంగ్లీషు చెవికి ఎబ్బెట్టుగా తగులుతుంది. ఈ చిన్న వ్యాకరణ భేదమే ఈ మాటల చరిత్రలో పెద్ద భేదమైంది. వాక్యం మొదటికి ఎక్కిన చూపు మాటలు క్రమంగా కంటిని వదిలేసి మాట్లాడేవాడి నమ్మకం గురించి చెప్పడం మొదలుపెట్టాయి. వాక్యం లోపలే ఉండిపోయిన విజిబ్లీ కంటి దగ్గరే ఆగిపోయింది.

ప్రతి మాట ముందూ ఇది ఇమడదు. ఎర్రగా ఉన్న గోడను విజిబ్లీ రెడ్ అంటే మాట వృథా, ఎరుపు అంటేనే కనిపించేది కదా. కనిపించకపోయే అవకాశం ఉన్నచోటే ఈ క్రియావిశేషణానికి బలం. అలసట దాచుకోవచ్చు, గర్భం తొలి నెలల్లో పైకి తెలియదు, వంతెనకు తగిలిన దెబ్బ లోపలే ఉండిపోవచ్చు. అలా దాగి ఉండగలిగింది బయటపడిందని చెప్పడమే విజిబ్లీ పని.

నిశ్చయం పాలు

విజిబ్లీ టైర్డ్ అన్నామంటే ఆ మనిషి అలసిపోయాడన్నది ఖాయం. ఆ అలసట కంటికి కూడా కనిపించిందని అదనంగా చెబుతున్నాం. సీమింగ్లీ టైర్డ్ అంటే అలసిపోయినట్టు ఉన్నాడు, నిజంగా అలసిపోయాడో లేదో తెలియదు. ఇంగ్లీషు నేర్చుకునేవారు ఈ రెంటినీ పర్యాయపదాలుగా తీసుకుంటే పొరపడినట్టే. మొదటిది సాక్ష్యం, రెండోది సందేహం.

తర్కశాస్త్రం పరిభాషలో పెట్టి చూస్తే ఇక్కడ ఒక చిక్కు బయటపడుతుంది. న్యాయదర్శనం జ్ఞానానికి నాలుగు ప్రమాణాలను ఒప్పుకుంటుంది: ప్రత్యక్షం (ఇంద్రియాలతో నేరుగా తెలియడం), అనుమానం (గుర్తును బట్టి ఊహించడం), ఉపమానం (పోలిక), శబ్దం (నమ్మదగినవారి మాట). ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం ఈ విభాగాన్ని విద్యార్థులకు నేర్పే తొలి పుస్తకంగా దేశమంతటా నిలిచింది. విజిబ్లీ తనను తాను ప్రత్యక్షంగా చెప్పుకుంటుంది. విజిబ్లీ షేకెన్ అన్నప్పుడు విలేఖరి చూసింది వణికిన చెయ్యి, పాలిపోయిన ముఖం. కలత లోపలిది, దాన్ని ఎవరూ చూడలేదు. పొగను చూసి నిప్పును ఊహించినట్టు, గుర్తును చూసి మనసును ఊహించారు. అంటే పనిచేసింది అనుమానం, వేసుకున్న ముద్ర ప్రత్యక్షానిది. అందుకే ఈ జంటలను వార్తల్లో చూసీచూడకుండా వాడటం మంచిది కాదు. కంటతడి, జీరబోయిన గొంతు, తడబడిన నడక అని కనిపించినదాన్నే రాస్తే పాఠకుడు తన అనుమానం తానే చేసుకుంటాడు.

ముఖం మీది గుర్తుల నుంచి మనసును చదవడం ఎంతవరకు సాధ్యమన్నది పాత ప్రశ్న. నాట్యశాస్త్రం దీన్ని నటుడి వైపు నుంచి తీసుకుంది. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అని ఎనిమిది సాత్త్వికభావాలను లెక్కపెట్టింది. నిలువునా బిగుసుకుపోవడం, చెమట పట్టడం, ఒళ్లు గగుర్పొడవడం, గొంతు మారడం, వణకడం, రంగు మారడం, కన్నీరు, స్పృహ తప్పడం అన్నమాట. కూచిపూడి నేర్చుకునేవారికి ఈ జాబితా ఇప్పటికీ పాఠమే. విజిబ్లీ వెంట ఇంగ్లీషు పత్రికల్లో వచ్చే స్థితులకు ఆధారమయ్యే గుర్తుల్లో చాలా వరకు ఈ ఎనిమిదింట్లోనే ఉన్నాయి. గొంతు మారడం ఒక్కటి మాత్రం చెవికి తెలిసేది. ఇంగ్లీషులోనూ దానికి ఆడిబ్లీ అనే వేరే క్రియావిశేషణం ఉంది.

చార్లెస్ డార్విన్ 1872లో మనుషుల్లోనూ జంతువుల్లోనూ భావప్రకటన మీద పుస్తకం రాసి, ఫోటోలను ఆధారంగా వాడిన తొలి శాస్త్రగ్రంథాల్లో ఒకటిగా దాన్ని నిలిపాడు. సిగ్గుతో ముఖం ఎర్రబడటానికి అందులో ఒక అధ్యాయమే ఉంది. 1960ల చివరి నుంచి పాల్ ఎక్‌మన్ లాంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు కొన్ని మౌలిక భావాలు ప్రపంచమంతటా ఒకే ముఖకవళికలతో కనిపిస్తాయని వాదించారు. 2019లో లీసా ఫెల్డ్‌మన్ బ్యారెట్, మరో నలుగురు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను సమీక్షించి, ముఖాన్ని బట్టి మనసును నమ్మకంగా చెప్పలేమని తేల్చారు. కోపంలో ఉన్నవారు ప్రతిసారీ కనుబొమలు ముడవరు, ముడిచినవారందరూ కోపంలో ఉండరు. ఐరోపా సమాఖ్య 2024లో తెచ్చిన కృత్రిమ మేధ చట్టం, వైద్యం, భద్రత అవసరాలను మినహాయించి, ఉద్యోగస్థలాల్లోనూ విద్యాసంస్థల్లోనూ మనుషుల భావాలను యంత్రాలతో కనిపెట్టడాన్ని నిషేధించింది. విజిబ్లీ అనే మాట పెట్టుకున్న ధీమాను చట్టమే శంకించిందని దీన్ని చదువుకోవచ్చు.

కొలబద్దగా మారిన చోటు

వైద్యంలో ఈ మాట అలంకారం కాదు, నిబంధనలో భాగం. చేతుల శుభ్రతపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, చేతులు విజిబ్లీ మురికిగా ఉంటే, లేదా రక్తం, ఇతర శరీర ద్రవాలు అంటుకుని విజిబ్లీ మలినమైతే సబ్బుతో, నీటితో కడుక్కోవాలి. అలా లేనప్పుడు మామూలుగా ఆల్కహాల్ ద్రావణంతో రుద్దుకుంటే చాలు. రుద్దుకోవడానికి 20 నుంచి 30 సెకన్లు, కడుక్కోవడానికి 40 నుంచి 60 సెకన్లు. పని ఒత్తిడిలో ఉన్న నర్సు ఏది చేయాలో ఆ ఒక్క క్రియావిశేషణం తేలుస్తుంది. సూక్ష్మజీవులు ఎలాగూ కనిపించవు, రెండు సందర్భాల్లోనూ అవి ఉండవచ్చు. మురికి, రక్తం పొరగా ఉన్నచోట ఆల్కహాల్ సరిగా పనిచేయదు కాబట్టి, ఆ పొర ఉందా లేదా అని చూసి చెప్పగల పరీక్ష కావాలి. కన్ను తప్ప మరో పరికరం అక్కర్లేని పరీక్ష అది.

పోషకాహార శాస్త్రంలో దీని విశేషణ రూపానికి ఇలాంటి స్థానమే ఉంది. వంటలో పోసే నూనె, నెయ్యి, వెన్న విజిబుల్ ఫ్యాట్, అంటే కంటికి కనిపించే కొవ్వు. పప్పుల్లో, ధాన్యాల్లో, గింజల్లో, పాలలో, మాంసంలో కలిసి ఉన్నది కనిపించని కొవ్వు. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తన ఆహార సూచనల్లో ఈ విభజనను వాడుతుంది. నూనె గిన్నె కొలిస్తే సగం లెక్కే తేలుతుందని ఇంటివారికి తెలియజెప్పడానికి ఈ రెండు మాటలు సరిపోతాయి.

కెనడాలో ఇదే కుటుంబం నుంచి ఒక చట్టపరమైన జనాభా వర్గం పుట్టింది. 1986 నాటి ఉద్యోగ సమానత్వ చట్టమూ, దాని స్థానంలో 1995లో వచ్చిన చట్టమూ ‘విజిబుల్ మైనారిటీ’ అనే మాటను వాడాయి. ఆదివాసులు కానివారిలో, జాతిరీత్యా కాకేషియన్లు కానివారు, లేదా రంగురీత్యా తెల్లవారు కానివారు ఈ వర్గంలోకి వస్తారు. ఆ దేశంలో స్థిరపడిన తెలుగువారు దక్షిణాసియా సమూహంలో భాగంగా ఇందులోనే లెక్కకు వస్తారు. ఎవరి కంటికి విజిబుల్ అన్న ప్రశ్న ఈ మాట మీద ఎప్పుడూ ఉంది. తెల్లవారిని చూపుకు కొలతగా పెట్టుకుని మిగతావారిని కనబడేవారుగా లెక్కగట్టడం సరికాదన్న విమర్శ వచ్చి, ఇప్పుడు చాలా రచనల్లో వేరే పదాలు వాడుతున్నారు. ఫలానా మతస్థుడని, ఫలానా జాతివాడని విజిబ్లీ తెలిసే మనిషి అనే ఇంగ్లీషు వాడుకలోనూ ఈ ఇబ్బందే దాగి ఉంది. వేషం, రంగు, తలపాగా లాంటివి చూసి చేసిన ఊహ అది. ఊహ అని మాత్రం ఒప్పుకోదు.

విజువల్లీతో తేడా

విజువల్ అనే విశేషణం పుట్టింది కూడా ‘వీసుస్’ నుంచే. 15వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దాన్ని కంటి నుంచి బయలుదేరే కిరణానికి వాడారు. యూక్లిడ్, టాలెమీ లాంటి గ్రీకు పండితులు కంటి నుంచి కిరణాలు వెళ్లి వస్తువును తాకితేనే చూపు కలుగుతుందని నమ్మారు. న్యాయదర్శనం కూడా కంటిని తేజస్సుతో చేసిన ఇంద్రియంగా, బయటికి వెళ్లి విషయాన్ని అందుకునేదిగా భావించింది. వస్తువు నుంచి వెలుతురే కంటికి వస్తుందని 11వ శతాబ్దంలో ఇబ్న్ అల్ హైతమ్ గట్టిగా వాదించి నిలబెట్టాడు. భాష మాత్రం పాత నమ్మకాన్ని వదల్లేదు. తెలుగులో చూపు సారిస్తాం, కన్ను వేస్తాం, చూపు ఆనినంత మేర అంటాం.

విజిబ్లీ కనిపించే వస్తువు వైపు నుంచి చెబితే, విజువల్లీ చూసే పద్ధతి వైపు నుంచి చెబుతుంది. కంటి ద్వారా, చూపుకు సంబంధించినంతవరకు అని దాని అర్థం. విజిబ్లీ డ్యామేజ్‌డ్ అంటే దెబ్బ కనిపిస్తోంది. విజువల్లీ ఇన్‌స్పెక్ట్ చేశారంటే పరికరాలు లేకుండా కంటితో పరిశీలించారు, దెబ్బ కనిపించిందో లేదో ఆ మాట చెప్పదు. భారత ఎన్నికల్లో ఓటింగ్ యంత్రానికి జతచేసే వీవీప్యాట్ పెట్టెలో అభ్యర్థి క్రమసంఖ్య, పేరు, గుర్తు ఉన్న చీటీ గాజు కిటికీలోంచి 7 సెకన్లు కనిపించి, తెగి లోపల పడుతుంది. ఓటరు విజువల్లీ సరిచూసుకుంటాడు. చీటీ ఆ 7 సెకన్లే విజిబుల్‌గా ఉంటుంది. ఒకే సంఘటనను రెండు వైపుల నుంచి చెప్పడానికి రెండు మాటలు.

విజువల్లీ ఇంపెయిర్డ్ అనే జంటలో ఈ మాటకు సామాజికంగా ఎక్కువ ప్రాచుర్యం వచ్చింది. భారతదేశపు వికలాంగుల హక్కుల చట్టం, 2016, దృష్టి వైకల్యాన్ని రెండుగా విడదీసి కొలతలు ఇచ్చింది. సాధ్యమైనంత మెరుగుపరచిన తర్వాత కూడా మెరుగైన కంటిలో చూపు 3/60 కంటే తక్కువ ఉన్నా, చూపు పరిధి 10 డిగ్రీల కంటే తక్కువ ఉన్నా అంధత్వం. 6/18కి మించకుండా 3/60 దాకా ఉంటే మందదృష్టి. 3/60 అంటే మామూలు కన్ను 60 మీటర్ల నుంచి గుర్తించగల అక్షరాన్ని 3 మీటర్ల దగ్గరికి వచ్చి గానీ గుర్తించలేకపోవడం.

చూపు వదిలిన చుట్టాలు

అపారెంట్లీ లాటిన్‌లో ‘కనబడటం’ అనే క్రియ నుంచి వచ్చింది, దాని తొలి అర్థం కూడా విజిబ్లీయే. ఇప్పుడు అది విన్నదాన్ని చెప్పే మాట. ‘అపారెంట్లీ, వాళ్లు ఇల్లు అమ్మేశారు’ అన్నవాడు ఆ అమ్మకం కళ్లారా చూసి ఉండడు. కన్ను నుంచి చెవికి జరిగిన ఈ వలసలో ముందు ‘స్పష్టంగా’, తర్వాత ‘పైకి చూస్తే’, చివరికి ‘అనుకుంటున్నారు’ అనే మజిలీలు ఉన్నాయి. పాత అర్థం పూర్తిగా పోలేదు, కొన్ని పరిభాషల్లో ఘనీభవించింది. హెయిర్ అపారెంట్ అంటే ఎవరు పుట్టినా వారసత్వం పోని స్పష్టమైన వారసుడు. రెండో ఎలిజబెత్ తండ్రి బతికి ఉండగా ఆమెకు ఆ హోదా లేదు, తమ్ముడు పుట్టే అవకాశాన్ని చట్టం ఎప్పుడూ మిగిల్చింది కాబట్టి ఆమె ప్రస్తుతానికి వారసురాలు మాత్రమే. ఖగోళశాస్త్రంలో అపారెంట్ అంటే సందేహం కాదు, చూసేవాడి కంటికి కనిపించే స్థానం. వాతావరణం వెలుతురును వంచడం వల్ల దిగంతం దగ్గర సూర్యుడు దాదాపు 34 కళల (ఆర్క్ మినిట్ల) మేర పైకి కనిపిస్తాడు. సూర్యబింబం వెడల్పు సుమారు 32 కళలు. అస్తమించే బింబం అంచు నేలను తాకినట్టు కనిపించే వేళకు అసలు సూర్యుడు దిగంతం కిందికి జారిపోయి ఉంటాడు.

భారత న్యాయస్థానాల్లోనూ పాత అర్థమే నడుస్తోంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 47వ ఆర్డరు, 1వ రూలు ప్రకారం తీర్పును పునఃసమీక్షించడానికి ఒక కారణం, రికార్డు ముఖం మీదే అపారెంట్‌గా ఉన్న తప్పు. సుదీర్ఘమైన వాదనతో వెతికి పట్టుకోవాల్సిన తప్పు ఆ కోవలోకి రాదని సుప్రీంకోర్టు పలు తీర్పుల్లో చెప్పింది. బజారులో అపారెంట్లీ అంటే ‘అట’, కోర్టులో అపారెంట్ అంటే ‘కళ్లెదుట’. ఆస్టెన్సిబ్లీ కూడా చూపించడం అనే లాటిన్ క్రియ నుంచి వచ్చి ‘పైకి చెప్పుకునే కారణం’ దగ్గర స్థిరపడింది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 41వ సెక్షన్‌లో కనిపించే ఆస్టెన్సిబుల్ యజమాని, పైకి మాత్రమే యజమాని. తెలుగులో బినామీ అనగానే స్ఫురించే మనిషి అతనికి దగ్గరి బంధువు.

కాన్‌స్పిక్యుయస్లీ దారి ఇంకా విచిత్రం. కొట్టొచ్చినట్టు కనిపించడం దాని అర్థం, కానీ అది తరచుగా జతకట్టేది లేకపోవడంతో. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ క్రీ.శ. 22లో జరిగిన జూనియా అంత్యక్రియలను వర్ణించాడు. ఆమె బ్రూటస్‌కు సోదరి, కాసియస్‌కు భార్య. ఊరేగింపులో ఎందరో ప్రముఖుల ప్రతిమలు మోశారు, సీజర్‌ను చంపిన ఆ ఇద్దరివి తప్ప. అవి లేకపోవడం వల్లే ఆ ఇద్దరూ అందరి కళ్లలో మెదిలారని అతని భావం. ఆ భావాన్ని 1859లో బ్రిటిష్ రాజకీయ నాయకుడు లార్డ్ జాన్ రస్సెల్ ఇంగ్లీషులో వాడిన తర్వాత అది నుడికారంగా నాటుకుంది. విజిబ్లీ ఈ సాహసం చేయదు. కనిపించాలంటే దానికి ఏదో ఒకటి ఉండాలి.

తెలుగులో

విజిబ్లీకి తెలుగులో ఒకే సమానార్థకం లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. దృశ్యమానంగా అని నిఘంటువు పక్కన పెట్టుకుని చేసే అనువాదాలు కనబడుతుంటాయి. నాయకుడు దృశ్యమానంగా కదిలిపోయాడు అంటే అది తెలుగు లిపి మాత్రమే. సందర్భాన్ని బట్టి కొట్టొచ్చినట్టు, ప్రస్ఫుటంగా, కంటికి కనిపించేంత, చూడగానే తెలిసేలా అనేవి దాని పనిని పంచుకుంటాయి. వైద్య సూచనలో చేతులకు మురికి కంటికి కనిపిస్తుంటే అని చెప్పడమే తేలిక. ఆమెకు పైకే తెలుస్తోంది అంటే గర్భవతి అన్న సంగతి పల్లెలోనైనా పట్నంలోనైనా ఇంకో మాట అక్కర్లేకుండా అర్థమవుతుంది.

ఉద్వేగాల దగ్గర తెలుగు క్రియావిశేషణాన్నే పక్కన పెట్టేస్తుంది. ముఖం కందగడ్డ అయింది, ముఖం వాడిపోయింది, కళ్లు చెమర్చాయి, నోట మాట రాలేదు, కాళ్లూ చేతులూ ఆడలేదు అని గుర్తునే క్రియగా చెబుతుంది. మనసు పేరు ఎత్తకుండానే మనసు తెలుస్తుంది. ఇంగ్లీషు రెండు మాటల్లో తేల్చినదాన్ని ఇలా విప్పడం అనువాదకుడికి కష్టమేమీ కాదు. అయితే ఆ విలేఖరి ఏ గుర్తు చూశాడో మూలంలో లేనప్పుడు చిక్కు వస్తుంది. లేని కన్నీటిని పెట్టలేడు కాబట్టి, ఆ కలత ఆయన ముఖంలో కనిపించింది అనడం దగ్గర ఆగాలి.

ఇక్కడ ఒక వ్యాకరణ సూక్ష్మం ఉంది. ‘ఆయన అలసిపోయినట్టు కనిపించాడు’ అన్న వాక్యంలో అలసట ఖాయం కాదు, ‘అట్టు’ దాన్ని పోలిక స్థాయికి దించింది. ‘ఆయన ముఖంలో అలసట కనిపించింది’ అంటే అలసట ఉంది. మొదటిది సీమింగ్లీకి సరిపోతుంది, రెండోదే విజిబ్లీ. అనువాదాల్లో మొదటి వాక్యం అలవాటుగా వచ్చేస్తుంది, అందులో మూలం ఇచ్చిన నిశ్చయం జారిపోతుంది. అయితే ‘కొట్టొచ్చినట్టు కనిపించింది’లో అట్టు ఉన్నా సందేహం లేదు. అక్కడ పోలిక కొట్టడంతో, కనిపించినదాని ఉనికితో కాదు.

అపారెంట్లీకి తెలుగు సిద్ధంగా ఉంచుకున్న సామగ్రి చాలా ఎక్కువ. విన్నదానికి ‘అట’, ఊహించినదానికి ‘కాబోలు’, చూసి పోల్చుకున్నదానికి ‘లాగుంది’, లెక్కగట్టి చెప్పేదానికి ‘చూడబోతే’, నమ్మలేనిదానికి ‘పైకి’. వాళ్లు ఇల్లు అమ్మేశారట, అమ్మేశారు కాబోలు, అమ్మేసినట్టుంది. ఈ మూడింటికీ ఇంగ్లీషువాడు ఒక్క అపారెంట్లీతో సరిపెట్టుకుంటాడు. పిల్లలకు కూడా తెలిసిన ‘అట’ను చేర్చకుండా విన్న సంగతిని చెబితే, నువ్వు చూశావా అని అడిగే హక్కు వినేవాడికి వస్తుంది.

విజిబ్లీ కుటుంబంలో కొన్ని మాటలు తెలుగు సంభాషణలోకి నేరుగా వచ్చాయి. టీవీ వార్తల్లో దృశ్యాలను విజువల్స్ అంటారు, భారీ సినిమాను విజువల్ వండర్ అని పొగుడుతారు, పొగమంచు రోజుల్లో రహదారి మీద విజిబిలిటీ తగ్గిందంటారు. క్రియావిశేషణాల దగ్గర మాత్రం తెలుగు ఒక తేడా పాటిస్తోంది. పని తీరును చెప్పేవాటికి లీని వదిలి తన గా తగిలించుకుంటుంది: క్లియర్‌గా, సీరియస్‌గా, డైరెక్ట్‌గా, విజువల్‌గా. వాక్యం మొత్తం మీద వ్యాఖ్యానించేవాటిని లీతో సహా తీసుకుంటుంది: యాక్చువల్లీ, బేసికల్లీ, ఆబ్వియస్లీ. విజిబ్లీకి వాక్యం మొదట నిలబడే అలవాటు ఇంగ్లీషులోనే లేదు కాబట్టి తెలుగు మాటల్లో దానికి ఆ రెండో దారి దొరకలేదు. ఇంగ్లీషు కలిపి మాట్లాడే ఇళ్లలో సైతం మరక విజిబుల్‌గా ఉందనే అంటారు.